రంగిపోలో అత్తమ్మ

బుధవారం సాయంత్రం నెట్‌బాల్ ఆడుతూ శ్రీజ పడిపోయింది, చీలమండ బెణికింది. శుక్రవారం పొద్దున్నే ఆమె, భర్త దుర్గేష్ కలిసి రంగిపో ఎడారికి బయలుదేరాల్సి ఉంది.

దుర్గేష్‌కు నక్షత్రాల ఫొటోలంటే పిచ్చి. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఈ దేశంలో హామిల్టన్‌కు చదువుకోడానికి వచ్చి, పాలను పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం సంపాదించి, ఆ ఊళ్లోనే రోటోటూనాలో ఇల్లు కొనుక్కున్నా ఆ పిచ్చి తగ్గలేదు. రువాపెహు కొండకు తూర్పున, చెట్టూ చేమా లేని ఆ బూడిదరంగు ఎడారి నేల మీద, ఏ ఊరి దీపమూ కనపడని చోట, పాలపుంత లేస్తుంటే ఫొటో తీయాలని రెండేళ్లుగా తంటాలు పడుతున్నాడు. మొదటిసారి మబ్బు పట్టింది. రెండోసారి గాలికి మనిషే నిలబడలేకపోయాడు. ఈసారి ఏప్రిల్ అమావాస్య, రెండు రోజుల లీవు, తేటగా ఉంటుందన్న వాతావరణ సూచన, అన్నీ కలిసొచ్చాయి. కానీ కొండల్లోకి ఒంటరిగా వెళ్లకూడదని శ్రీజ పెళ్లయిన కొత్తలోనే అతని చేత ఒట్టు వేయించుకుంది.

కాలికి ఐసు పెట్టుకుని సోఫాలో కూర్చున్న కూతురి పక్క నుంచి లక్ష్మీబాయి నెమ్మదిగా అంది. "నేను పోత తియ్. అల్లునికి తోడు మనిషే గద కావల్సింది."

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. కరీంనగర్ డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి, నిరుడు రిటైరయింది. కూతురి దగ్గరికి వచ్చి రెండు నెలలు. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఆ వీధిలో మనిషి కనపడడు. రోజుకు ఐదారు వందల మందితో మాట్లాడిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని పక్కింటి పిల్లిని చూస్తూ ఉండేది. ఈ సంగతి శ్రీజకు తెలుసు. అందుకే తల్లి మాట వినగానే తన బూట్లు ఆమెకు సరిపోతాయని చెప్పింది.

పెళ్లయిన ఆరేళ్లలో అత్తమ్మతో దుర్గేష్ మాట్లాడిందల్లా భోజనం గురించి, వాన గురించి. ఆమె కూడా అల్లుడి ఎదుట అవసరమైనంతే మాట్లాడేది, అదీ ముఖం చూడకుండా. అమావాస్య నాడు ప్రయాణమని ఆమె వెనక్కి తగ్గుతుందేమోనని అతనికి చిన్న ఆశ. తీరా అడిగితే, అమావాస్య నాడు బస్సు సగం ఖాళీగా ఉండేదనీ, తనకు ఆ రోజే హాయిగా ఉండేదనీ చెప్పింది.

శుక్రవారం పొద్దున్నే కూతురి ప్యాంటు, మూడు పొరల చలికోట్లు, చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీతో ఆమె కారెక్కింది. మూడు గంటల ప్రయాణంలో ఇద్దరూ కలిపి పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. కంకర దారి చివర కారు ఆపి బ్యాగులు వీపుకు తగిలించుకున్నారు. అక్కడి నుంచి ఆ రాత్రి ఉండబోయే హట్‌కు, కొండల్లో నడిచేవాళ్లు తలదాచుకునే చిన్న చెక్క ఇంటికి, దాదాపు మూడు గంటల నడక.

ఆమె కోసం మెల్లగా నడవాలని దుర్గేష్ మనసులో అనుకున్నాడు. అరగంటయ్యేసరికి ఆమె యాభై అడుగులు ముందుంది. నల్ల ఇసుక, గులకరాళ్లు, అక్కడక్కడా గుప్పెడంత పసుపు గడ్డి. అతను రొప్పుతూ వచ్చి అందుకున్నప్పుడల్లా ఆమె మర్యాదగా ఎటో చూస్తూ నిలబడేది.

తర్వాత లోయ వచ్చింది. రెండు వైపులా ఎరుపు, నలుపు, గంధకపు పసుపు పొరలుగా నిలువుగా కోసినట్టున్న గోడలు. అడుగున బూడిద నీళ్ల ఏరు. పైన అగ్నిపర్వతం నోట్లో ఉన్న సరస్సు పొంగితే బురద వరద ఇటే వస్తుందనీ, ఇక్కడ ఎక్కడా ఆగవద్దనీ బోర్డు ఉంది. ఏటి మీద వేలాడే వంతెన. దుర్గేష్ రెండు తీగలూ గట్టిగా పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ దాటాడు. వెనక్కి తిరిగి చూస్తే లక్ష్మీబాయి కాస్త పక్కకు తిరిగి, పాదాలు ఎడంగా వేసి, ఊగే వంతెనతో పాటు తనూ ఊగుతూ, చేతులు రెండూ వదిలేసి వస్తోంది.

ఆగవద్దన్న ఆ హద్దు దాటాక అతను ఆమె కోసం నిలబడ్డాడు. భయం వేయలేదా అని అడిగాడు.

"జగిత్యాల రోడ్డు మీద నూట పది మందితోని పోయే బస్సుల టికెట్లు కొట్టిన, అల్లుడూ. ఇది శానా నయం."

అతనికి నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది. అక్కడి నుంచి హట్ దాకా ఆమె చెబుతూనే ఉంది. దొంగ పాసులు, బస్సులోనే పుట్టిన ఆడపిల్ల, కోడిపుంజుకు టికెట్ కొట్టనన్నందుకు అలిగిన ముసలాయన. దుర్గేష్ దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు.

హట్‌లో అప్పటికే ఈ దేశపు దంపతులు ఇద్దరు ఉన్నారు. ఏడున్నరకే పడుకున్నారు. బయట చీకటి చిక్కబడింది. గాలి లేదు, మబ్బు తునక లేదు. దుర్గేష్ ట్రైపాడ్ నిలబెట్టి బ్యాగులో చెయ్యి పెట్టాడు. జేబులన్నీ వెతికాడు. బ్యాగు బోర్లించాడు. కెమెరాను ట్రైపాడ్‌కు బిగించే చిన్న ఇనప పలక లేదు. అది ఇంట్లో, ఇంకో బ్యాగులో ఉంది. సామాను ఒకసారి సరిచూసుకోమని శ్రీజ రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ విసుక్కున్నాడు.

అతను రాతి మీద కూలబడ్డాడు. కెమెరా ఇరవై సెకన్లు కదలకుండా ఉంటే తప్ప పాలపుంత పడదని, చేత్తో పట్టుకుంటే అంతా చెదిరిపోతుందని, అడిగిన అత్తమ్మకు చెప్పుకొచ్చాడు. రెండేళ్లు ఎదురుచూసిన రాత్రి ఇలా పాడు చేసుకున్నానన్నాడు.

లక్ష్మీబాయి ఓదార్చలేదు. కదలకుండా ఉండాలి, అంతే కదా అని రెట్టించి అడిగింది. లోపలికి వెళ్లి, తలగడగా వాడుకుందామని బట్టలు కుక్కి తెచ్చుకున్న గలీబును ఖాళీ చేసి తెచ్చింది. కూర్చుని దోసిళ్లతో నల్ల ఇసుక అందులో నింపి, సగం నిండాక మూతి ముడి వేసింది. నడుమెత్తు రాతి మీద ఆ మూట పెట్టి, మధ్యలో పిడికిలితో గుంట చేసింది.

"ఇండ్ల కూసోబెట్టు. పసిపిల్లను ఒళ్లె పండవెట్టినట్టు పెట్టాలె."

ఆమె నేరుగా అతని ముఖం చూసి పని చెప్పడం అదే మొదలు. కెమెరా ఇసుకలో కుదురుకుంది. వెనక తెర చూడాలంటే దుర్గేష్ రాతి వెనక మోకాళ్ల మీద వంగి, మెడ పైకి తిప్పాల్సి వచ్చింది. మొదటి నాలుగు ఫొటోలు చెదిరిపోయాయి. ఆమె టార్చి పట్టుకుంది, మూటను అటూ ఇటూ సర్దింది.

పడమట మూడు చుక్కలు వరుసగా కిందికి దిగుతున్నాయి. వాటిని చిన్నప్పుడు గొల్లకావడి అనేవాళ్లమనీ, ఇక్కడ తలకిందులుగా ఉందనీ ఆమె గుర్తుపట్టింది. భూమికి ఈ పక్క నిలబడ్డాం కాబట్టి అలా కనిపిస్తుందని అతను చెబితే, అయితే తలకిందులైంది మనమే గదా అంది.

పదకొండు దాటాక తూర్పున పాలపుంత నడిమి భాగం పైకి వచ్చింది. లోయ అంచు మీద నుంచి పొగ లేచినట్టు మొదలై, చూస్తుండగా రెండు చేతులు చాచినా పట్టనంత అయింది. దుర్గేష్ ఆమెను ఎదురుగా ఉన్న గుట్ట మీద నిలబడమన్నాడు. ఇరవై సెకన్లు కదలకూడదన్నాడు. ఆమె టోపీ సర్దుకుని, తల ఎత్తి, శిలలా నిలబడింది.

తెర మీద ఫొటో వచ్చాక ఇద్దరూ చాలాసేపు చూశారు. ఆకాశం నిండా వెలుగు, దాని కింద బొటనవేలంత నల్లటి మనిషి.

"గంతేనా నేను" అంది లక్ష్మీబాయి, సంబరంగా. తర్వాత కాసేపటికి మెల్లగా, "ఇంట్ల కూసుంటే పాణం నిలువక బేచైన్ అయితుండె బిడ్డా. శ్రీజకు చెప్తే బాధపడుతదని చెప్పలే. ఇంక ఎటన్న పోయేదుంటే నన్ను తీస్కపో."

ఈ నెలలోనే ఇంకో చోటికి వెళదామని దుర్గేష్ మాట ఇచ్చాడు. రెండింటి దాకా వాళ్లు లోపలికి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కారు పెద్ద రోడ్డెక్కగానే ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది, వెంటనే శ్రీజ ఫోన్ వచ్చింది. అన్నీ సరిగ్గా జరిగాయా, ఏమైనా మరిచిపోయాడా అని స్పీకర్‌లో తల్లినే అడిగింది. దుర్గేష్ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

ఏమీ మరిచిపోలేదని, అల్లుడు అన్నీ సరిచూసుకునే తెచ్చాడని లక్ష్మీబాయి ఏ తడబాటూ లేకుండా చెప్పింది. ఫోన్ పెట్టేశాక బూట్లు విప్పి, ఒక్కొక్కటే కిటికీలోంచి దులిపి, దారిలో ఎక్కడైనా మంచి చాయ్ దొరుకుతుందేమో చూడమంది.