బూదిగుంటకు రావలసిన నీలం బండి

నా ఇంజను చక్రాలు జీన్స్ ప్యాంటు గుండీలు. బళ్ళారిలో జీన్స్ ఉతికే యూనిట్లలో మోటార్లు కాలిపోతే తీగ చుట్టి ఇచ్చే పని నాది. పోయిన ప్రతిచోటా నేల మీద గుండీలు పడి ఉంటాయి, ఏరుకుంటే ఎవరూ వద్దనరు. పట్టాలు పాత గొడుగు కమ్మీలు. పట్టాల కింద పరిచింది ఖనిజం లారీలు రోడ్డు మీద రాల్చిపోయే ఎర్రపొడి. గుట్ట మాత్రం కుడతిని కరెంటు ప్లాంటు బూడిద, జిగురు కలిపి ముద్ద చేసి ఎండబెట్టాను. పాత తలుపు చెక్క ఒకటి అడ్డంగా వేసి, దాని మీద ఇవన్నీ పేర్చి బూదిగుంట స్టేషన్ కట్టాను.

అసలు బూదిగుంట స్టేషన్ ఇప్పుడు లేదు. రాయదుర్గం వైపు చిన్న లైను ఉన్న రోజుల్లో మా నాయన అక్కడ బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. లైను పెద్దదయ్యేసరికి స్టేషనూ లేదు, నాయనా లేడు. ఆయన పోయిన ఏడే నేను ఏడో తరగతితో బడి మానేశాను. బడిలో నేర్చుకున్నది చాలావరకు మరిచిపోయాను గానీ ప్లాట్‌ఫారం మీద నేర్చుకున్నది మరిచిపోలేదు. బండి వచ్చి ఆగితే అందరూ ఇంజను వైపు చూస్తారు. మా నాయన తోక వైపు చూసేవాడు. కడపటి పెట్టెకు ఎర్ర గుర్తు కనబడితేనే బండి పూర్తిగా వచ్చినట్టు. కనబడలేదంటే ఏదో పెట్టె కొక్కెం ఊడి వెనక దారిలో ఉండిపోయినట్టు. అప్పుడు దారి ఖాళీ కాదు, ఇంకో బండిని రానివ్వకూడదు.

ఇంట్లో బొమ్మ రైళ్ళు నడుపుకొనే పిచ్చి ఉన్నవాళ్ళం నలభై మందిమి ఫోనులో ఒక గుంపుగా ఉన్నాం. తక్కినవాళ్ళ ఇంజన్లు జర్మనీవి, అట్టపెట్టెల్లో వచ్చినవి. నా ఇంజను ఫొటో పెడితే ఒక బొటనవేలు గుర్తు పెడతారు, అంతటితో సరి. ఏడాదికి ఒకసారి వీడియోలో అందరం కలుస్తాం. ఆ రోజు ఒక ఆట ఉంటుంది. బెంగళూరులో ఉండే జాబెజ్ తన బల్ల మీద ఒక నీలం బండిని వదులుతాడు. అది అతని సొరంగంలోకి పోగానే తరువాతి వాడి బల్ల మీద సొరంగంలోంచి నీలం బండి బయటికి వస్తుంది. నిజానికి అది వాడి బండే. అందరం ఒకే నీలం పూసుకుంటాం. చూసేవాళ్ళకు మాత్రం ఒకే బండి ఏడు ఊళ్ళు తిరిగినట్టు ఉంటుంది.

పోయిన ఏడు ఇద్దరు ఒకేసారి బండి వదిలి అంతా గందరగోళం చేశారు. అప్పుడు నేనే రాశాను: ముందు స్టేషను 'దారి ఖాళీ, పంపు' అని లైన్ క్లియర్ ఇచ్చేదాకా వెనక స్టేషను బండి వదలకూడదు, బండి మీద చెయ్యి వేసినవాడి పరుగు రద్దు. ఆ గుంపులో నా మాట ఒకటి చెల్లడం అదే మొదలు. ఈ ఏడు నన్నూ ఒక స్టేషను చేశారు. కడపటిది, ఏడోది.

మోక అనే ఊళ్ళో తన అక్క ఇంట్లో ఉంటున్న నా భార్య మహాదేవికి ఆ లింకు పంపాను. మూడేళ్ళ కిందట వెళ్ళిపోతూ ఆమె ఈ తలుపు చెక్క ముందర నిలబడింది, సంచి చేతిలో ఉంది.

"నీకు అందురిలో తప్పే కనపడతాది. ఉతికేటోడు తప్పు, కుట్టేటోడు తప్పు, మా అక్క తప్పు. ఎవురొస్తారు నీ స్టేషనుకు? ఒక్క బండి వచ్చిననాడు చెప్పు, నేనూ వస్తా."

అందుకే లింకు కింద రాశాను: 'ఆదివారం నాలుగుకు బండి వస్తాది.' రెండు రోజులకు కన్నడంలో ఒక మాట వచ్చింది: 'ఆయ్తు.' సరే అని.

ఆ ఒక్క మాటకు నేను ప్లాట్‌ఫారానికి మళ్ళీ సున్నం వేశాను. ఆమె నాటిన కనకాంబరం మొక్క ఎండిపోయింది గానీ పుల్లలు ఉన్నాయి. వాటిని విరిచి స్టేషన్ పక్కన చెట్లు పెట్టాను.

అంతకు ముందటి ఆదివారం ఒకసారి ఆడి చూసుకున్నాం. హొసపేట ఈరేశ్ బండి మలుపులో ఆగిపోతే వాడు వేలితో కొంచెం నెట్టాడు. తెర మూలన గోరు కనపడింది. అందరూ చూశారు, అందరూ నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. "చెయ్యి పడింది. పరుగు రద్దు," అన్నాను. ఈరేశ్ చిన్నబోయాడు. వాడి కూతురు పక్కనే కూర్చొని చూస్తోందని నాకు తరువాత తెలిసింది. వాడి స్టేషన్ తీసేసి ఇంకొకరికి ఇచ్చారు.

ఆదివారం నాలుగుకు ఫోన్ను పాలడబ్బాకు ఆనించి కూర్చున్నాను. తెర నిండా గళ్ళు, గళ్ళలో ముఖాలు. కడపటి వరుసలో ఒక నల్ల గడి, ముఖం లేదు, పేరు మాత్రం ఉంది: మహాదేవి. నీళ్ళు తాగడానికి లేస్తే ఆ గడి పోతుందేమోనని లేవలేదు.

నీలం బండి బెంగళూరులో బయలుదేరింది. ఒక్కొక్కరూ లైన్ క్లియర్ అడుగుతున్నారు, ఇస్తున్నారు. ఆరో స్టేషన్ కుడతినిలో ఆర్థర్ సార్‌ది. కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరయిన పెద్దమనిషి, ఎవరినీ నొప్పించడు. బండి ఆయన దగ్గరికి వచ్చేలోపల నా పట్టాలు ఒకసారి చూసుకుందామని గూడ్సు బండిని గుట్ట వెనకనుంచి తిప్పి తెచ్చాను. అది చక్కగా వచ్చి పక్క లైనులో ఆగింది. అలవాటు కొద్దీ తోక చూశాను.

కడపటి పెట్టెకు నేను కట్టిన ఎర్ర గుడ్డ పేలిక లేదు.

వంగి చూస్తే గుట్ట వెనక రెండు పెట్టెలు నిలబడి ఉన్నాయి. కొక్కెం ఊడింది. సరిగ్గా నీలం బండి రావలసిన దారి మీద.

"బూదిగుంటా, కుడతినినుంచి అడుగుతాండా," ఆర్థర్ సార్ గొంతు. "నీలం బండికి లైన్ క్లియర్ ఉండాదా?"

"లేదు సార్."

"ఏంది, లేదా?"

"గూడ్సు తెగింది. రెండు పెట్టెలు దారిలో ఉండాయి. ఇంజను వెనక్కి పోయి తేవల్ల. పది నిమిషాలు ఇయ్యండి."

జాబెజ్ గడియారం చూసుకున్నాడు. "అన్నా, నాలుగున్నరకి ఇంకో ప్రోగ్రాం ఉండాది. ఊరికే చేత్తో ఎత్తి పక్కన పెట్టన్నా. గుట్ట వెనకే కదా, మాకు కనపడేది కూడా లేదు."

"కనపడకపోతే చెయ్యి చెయ్యి కాకుండా పోతాదా?"

ఎవరో నవ్వారు. ఈరేశ్ ముఖం ఉన్న గడి వెలిగింది.

"తియ్యప్పా దురుగప్పా, తియ్యి. నేను కండ్లు మూసుకుంటాలే. మా పాప కండ్లు కూడా మూస్తా."

ఈసారి అందరూ నవ్వారు. వాడు తిట్టి ఉంటే బాగుండేది. వాడి గొంతులో కోపం లేదు, నిజంగానే తియ్యమంటున్నాడు. అదే నాకు మంట పెట్టింది. పోయిన ఆదివారం వాడి గోరు లెక్కపెట్టినవాణ్ణి, ఈ ఆదివారం నా వేళ్ళు ఎట్లా దాచుకోను?

నల్ల గడి అంచు పచ్చగా మెరిసింది. మూడేళ్ళ తరువాత ఆ గొంతు.

"చేత్తో తీసెయ్. నేను చూడ్డానికే వచ్చిండా కదా. తీసి, రానియ్ బండిని."

ఎవరీమె అని ఎవరూ అడగలేదు. నా చెయ్యి గుట్ట వెనకకి పోయింది కూడా. రెండు పెట్టెలు, బరువు లేదు, నశ్యం డబ్బీల రేకుతో చేసినవి. వేలికి రేకు చల్లగా తగిలింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"లైన్ క్లియర్ లేదు," అన్నాను. "పది నిమిషాలు, మహాదేవీ. పదే పది. దారి ఖాళీ చేసి రానిస్తా."

"మా అక్క ఇంటికాడికి నువ్వు వస్తావని ఆరు నెలలు చూస్తి," అంది. గొంతు పెంచలేదు. "అప్పుడూ ఇంతే. ముందు అక్క తప్పయిందనాల అని చెప్పి పంపితివి. అందురూ నీ దారి ఖాళీ చేసినంక నువ్వు వస్తావు. ఉండు, అట్లే ఉండు."

నల్ల గడి మాయమైంది. పక్క గళ్ళు జరిగి ఆ చోటు పూడ్చేశాయి.

"సరే, బండి కుడతినిలోనే నిలిపేద్దాం," అన్నాడు జాబెజ్. చప్పట్లు కొట్టారు. ఆర్థర్ సార్ చప్పట్లు కొట్టకుండా, "బండి నా ప్లాట్‌ఫారం మీదనే ఉంటాది దురుగప్పా, నువ్వు నింపాదిగా చెప్పు," అన్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోపల ఎవరో ఇంకో దేశంలోని తన రైళ్ళ గది చూపించడం మొదలుపెట్టాడు. నేను ఫోను బోర్లించాను.

బండి మీద చెయ్యి వెయ్యకుండా, స్విచ్చితోనే ఇంజనును వెనక్కి పంపాను. ఒకసారి గుట్ట దగ్గర చక్రం జారింది. గుండీ అరిగిపోయిన చక్రం అది, మార్చాలనుకుంటూ మార్చలేదు. మూడోసారికి పెట్టెలను తగులుకొని లాక్కొచ్చింది. తోక చూశాను. ఎర్ర పేలిక ఉంది. గోడ గడియారం చూస్తే తొమ్మిది నిమిషాలు పట్టింది. నేను అడిగినదానికి ఒక నిమిషం తక్కువే.

ఫోను తిప్పి చూశాను. మీటింగు ఇంకా నడుస్తూనే ఉంది గానీ ఆర్థర్ సార్ గడి లేదు. ఆదివారం కదా, సాయంత్రం చర్చికి పోతాడు. ఆయనకు మెసేజి పెట్టాను: 'బూదిగుంట నుంచి. దారి ఖాళీ. నీలం బండికి లైన్ క్లియర్.' ఒకే గీత పడింది, ఆయన ఫోనుకు ఇంకా చేరలేదు.

మహాదేవికి కూడా రాద్దామని పేరు తెరిచాను. 'ఆయ్తు' అన్న మాట ఇంకా అక్కడే ఉంది. దాని కింద తప్పయింది అని రాశాను. ఎవరిది అని రాయలేదని చూసి, చెరిపేశాను. మళ్ళీ రాయలేదు.

నా నీలం బండి సొరంగంలోనే ఉంది. స్విచ్చి నొక్కితే వస్తుంది. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. కానీ బండి వదిలినానని అవతలి స్టేషను చెప్పకుండా ఇవతల బండి ఎట్లా వస్తుంది? అది నేను నడుపుకొన్నట్టు అవుతుంది గానీ వచ్చినట్టు కాదు.

మా నాయన చేసినట్టే చేశాను. తీగ లాగి సిగ్నల్ రెక్క కిందికి దించాను, బండి రావచ్చని. రేకు రెక్క, అంగుళం పొడవు, దాని మీద ఎర్ర రంగు నేనే పూసింది. దించిన రెక్క కింద ప్లాట్‌ఫారం సున్నం తెల్లగా ఉంది. కనకాంబరం పుల్లలు రెండు పడిపోతే నిలబెట్టాను. తరువాత స్టూలు లాక్కొని, సొరంగం వైపు తిరిగి కూర్చున్నాను.