నేను చూస్తే ఓడిపోతారట

"ధరణీ, నువ్వు లోపలికి వెళ్ళమ్మా, వాళ్ళసలే తడబడుతున్నారు" అన్నారు మామయ్యగారు, నేను పట్టుకున్న ట్రేలోంచి కాఫీ గ్లాసు అందుకుంటూనే. కోపంగా కాదు. ఆయనెప్పుడూ కోపంగా మాట్లాడరు. నా వైపు చూడకుండా, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, ఫ్యాన్ కాస్త తగ్గించమన్నంత మామూలుగా అన్నారు. సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న మా ఆయన సుజిత్ "త్వరగా, త్వరగా" అని చెయ్యి ఊపాడు. కుర్చీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తయ్యగారు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. అలవాటది.

ఇది మొదలైంది మా పెళ్ళయిన కొత్తలో. ఒక ఆదివారం అందరితోపాటు నేనూ సోఫా చివర కూర్చుని ఇండియా మ్యాచ్ చూస్తున్నాను. వెంటవెంటనే రెండు వికెట్లు పడ్డాయి. కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్ళాను. వెళ్ళానో లేదో సిక్సర్. తిరిగి రాబోతుంటే "అక్కడే ఉండమ్మా, అక్కడే ఉండు!" అని మామయ్యగారు అరిచారు. అందరం పడీపడీ నవ్వుకున్నాం. ఇండియా గెలిచింది. ఆ తర్వాతి మ్యాచ్‌కీ సరదాగానే నన్ను లోపలికి పంపారు. కొన్నాళ్ళకి సరదా పోయి పంపడం మిగిలింది. బంధువుల ఇళ్ళల్లో పేరంటాలకు వెళ్తే అత్తయ్యగారు "మా కోడలు వంటింట్లో ఉందంటే ఇండియా గెలిచినట్టే" అని ముద్దుగా చెప్పేవారు. అంత ముద్దుగా చెప్పిన మాట మీద ఎలా అలగాలో నాకు తెలియలేదు.

నేను మ్యాచ్‌ని గోడ ఇవతలనుంచి వినడం నేర్చుకున్నాను. సుజిత్ చప్పట్లు ఫోరుకి ఒకలా, సిక్సర్‌కి ఒకలా ఉంటాయి. మామయ్యగారి "ప్చ్" వినిపిస్తే వికెట్. పక్క ఫ్లాట్‌వాళ్ళ టీవీ మాకన్నా కాస్త ముందు వస్తుంది కాబట్టి వాళ్ళ అరుపు వినపడగానే నేను చేస్తున్న పని ఆపి, మావాళ్ళ అరుపు కోసం చూసేదాన్ని. అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. ఒకసారి ఆగలేక తలుపు సందులోంచి తొంగి చూశాను. సరిగ్గా అప్పుడే కెప్టెన్ అవుటయ్యాడు. వెనక్కి వచ్చి గట్టుకి ఆనుకుని, నా వల్లే కదా అనుకుని ఏడ్చాను. ఎమ్మెస్సీ చదివి, కొంపల్లిలో బడిపిల్లలకి లెక్కలు చెప్పేదాన్నై ఉండి కూడా.

పెళ్ళిచూపుల్లో నీకేమంటే ఇష్టం అని అత్తయ్యగారు అడిగితే, వాలీబాల్ అని చెప్పాను. "ఆడతావా?" అన్నారు ఆశగా. ఆడను, చూస్తానండీ అన్నాను. "చూడ్డమేనా! ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమైనా వచ్చేది" అన్నారు. ఆమె తప్పుగా ఏమీ అనలేదు. ఆడపిల్ల ఏదైనా ఇష్టపడితే అది ఎందుకో ఒకందుకు పనికిరావాలి. సంగీతమైతే పూజ రోజున పాడటానికి, కుట్లయితే జాకెట్లకి. ఊరికే ఒకచోట కూర్చుని ఎవరో ఆడుతుంటే గొంతు చించుకుని అరవడం దేనికి పనికొస్తుంది?

నేను అలా అరుస్తూ పెరిగాను. నాన్న కృష్ణారావు తెనాలినుంచి మేడ్చల్‌కి తీగల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడు. అప్పట్లో ఆ రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలే. షిఫ్టు సైరన్లని బట్టి అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. మా ఫ్యాక్టరీకి ఒక వాలీబాల్ టీమ్ ఉండేది. అందులో వహాబ్ చాచా బంతి లేపితే గాల్లో ఆగినట్టుండేది. ఆదివారం గేటు పక్క మైదానంలో మ్యాచ్. నేనూ చాచా కూతురు అల్మాసూ ముందు వరసలో నేల మీద కూర్చునేవాళ్ళం. నా గొంతు పెద్దది. "కొట్టు!" అని అరిస్తే అవతలి టీమ్‌వాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. "గీ పిల్ల మా ఏడో ప్లేయర్" అనేవాడు చాచా.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఫ్యాక్టరీ మూతపడింది. మొదట తాళం వేశారు, తర్వాత యంత్రాలు లారీలెక్కాయి. ఒకదాని వెనక ఒకటి ఇంకా చాలా ఫ్యాక్టరీలు పోయాయి. నాన్న సిమెంటు షాపులో గుమాస్తాగా చేరాడు. చాచా, తాను పనిచేసిన ఫ్యాక్టరీకే కాపలావాడయ్యాడు. టీమ్ మాత్రం పోలేదు. పనివాళ్ళ కొడుకులు పెద్దవాళ్ళై ఆడటం మొదలుపెట్టారు. వాళ్ళ నీలం జెర్సీల మీద ఇప్పటికీ ఆ కంపెనీ పేరే ఉంటుంది. ఏ ఊళ్ళో టోర్నమెంటు ఉన్నా ఆ ముసలివాళ్ళంతా వెళ్ళి కూర్చుంటారు. గెలిస్తే "కంపెనీ కొట్టింది!" అని ఒకరి భుజాలొకరు చరుచుకుంటారు, కంపెనీ ఇంకా నడుస్తున్నట్టే. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో కూడా ఒక్క మ్యాచ్ వదల్లేదు. పెళ్ళి కుదిరాక నాన్నే అన్నాడు, "ఇకపై ఇవన్నీ ఎందుకమ్మా, అత్తగారింట్లో ఏమనుకుంటారో" అని. మానేశాను. రెండేళ్ళయింది.

మామయ్యగారు నన్ను లోపలికి వెళ్ళమన్న ఆ ఆదివారం పొద్దున అల్మాస్ ఫోన్ చేసింది. "సాయంత్రం శామీర్‌పేటల మన మ్యాచ్ ఉంది. గెలిస్తే సెమీస్. రహీల్ నిన్న నైట్ షిఫ్ట్ జేసి కూడ ఆడతనంటుండు. నువ్వు రావు గని, చెప్పాలె గదా అని జేసిన" అంది. రహీల్ ఆమె తమ్ముడు, గుండ్లపోచంపల్లిలో గోదాములో పార్సిళ్ళు సర్దుతాడు. ఇవాళ ఇండియా మ్యాచ్ ఉంది, ఇంట్లో కుదరదే అన్నాను. "నువ్వు ఆడుతున్నవా ఏంది ఇండియాకు?" అని పెట్టేసింది.

కాఫీ ట్రేతో నేను వంటింటి గడప దాకా వెళ్ళాను. వెనక టీవీలో హోరు వినిపించింది. "చూశావా, అలా వెళ్ళిందో లేదో ఫోరు!" అన్నాడు సుజిత్. నేను ఆగిపోయాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"మామయ్యగారూ, వంటింట్లో ఉంటేనే ఇంత బాగా ఆడితే, ఇంకా దూరం వెళ్తే ఇంకా బాగా ఆడతారేమో కదండీ?"

ఆయన తల తిప్పి చూశారు. "అంతేనంటావా?" అన్నారు నవ్వుతూ.

"శామీర్‌పేట దాకా వెళ్ళొస్తాను. మావాళ్ళ మ్యాచ్ ఉంది."

అత్తయ్యగారి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఇప్పుడా? రాత్రికి వంట?" అన్నారు.

"కూర మీరు తరుగుతున్నారుగా అత్తయ్యా, వచ్చి వేస్తాను. ఆలస్యమైతే ఆయన కుక్కర్ పెడతారు."

సుజిత్ ఏదో అనబోయాడు. ఇంతలో ఇంకో ఫోరు. "వెళ్ళనివ్వరా, వెళ్ళనివ్వు!" అన్నారు మామయ్యగారు తొడ మీద కొట్టుకుంటూ. చెప్పులు వేసుకుని మెట్లు దిగేదాకా ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని చెవులు రిక్కించే ఉన్నాను. పేట్ బషీరాబాద్ స్టాప్‌లో బస్సెక్కి, వస్తున్నానని అల్మాస్‌కి ఫోన్ చేశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

మేడ్చల్‌లో అల్మాస్ స్కూటీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే సీటు వెనక్కి జరిగి "నువ్వే నడుపు" అంది. శామీర్‌పేట రోడ్డు మీద ఎదురుగాలికి నా చున్నీ ఆమె ముఖాన్ని కొడుతుంటే "అరే, కండ్లల్ల వడుతున్నది" అని తిడుతూ, నవ్వుతూ వచ్చింది.

మైదానంలో అప్పటికే మొదటి సెట్ నడుస్తోంది. బెంచీల మీద అంతా మగవాళ్ళే. మాసిన నీలం జెర్సీ తొడుక్కున్న వహాబ్ చాచా నన్ను దూరంనుంచే గుర్తుపట్టాడు. "ఆ గయీ మేరీ బేటీ! ఎన్ని దినాలకొచ్చినవ్! జర గొంతు తియ్యి బిడ్డా, మా గొంతులు పోయినయ్" అన్నాడు. ఆయన పక్కన నాన్న ఉన్నాడు. నన్ను చూసి సంతోషించే ముందే కంగారుపడ్డాడు. "అల్లుడుగారికి చెప్పే వచ్చావా?" అన్నాడు మెల్లిగా.

"చెప్పే వచ్చాను నాన్నా."

ఇంకేమైనా అడుగుతాడేమో అనుకున్నాను. బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

నేను కూర్చున్నాను. కూర్చోగానే రహీల్ సర్వీస్ నెట్‌కి తగిలింది. తర్వాతి బంతి లైను బయట పడింది. మూడోది ఇద్దరు కుర్రాళ్ళు నువ్వంటే నువ్వని వదిలేశారు. వరసగా మూడు పాయింట్లు పోయాయి. లేచాను. ఎవరూ చూడకుండా బెంచీల వెనక్కి, నీళ్ళ డ్రమ్ము అవతలికి వెళ్ళి, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాను. నా కాళ్ళు వాటంతటవే తీసుకెళ్ళాయి. అక్కడ నిలబడి, ఇంట్లోలాగే, అరుపుల్ని బట్టి ఆట వింటున్నాను.

అల్మాస్ వెతుక్కుంటూ వచ్చింది. "యాడికొచ్చినవే? అటు దిక్కు ఏం జూస్తున్నవ్?"

"నేను చూస్తే పాయింట్లు పోతున్నయే" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. వంటింటి సంగతి, సిక్సర్ సంగతి, తలుపు సందు సంగతి అంతా చెప్పాను. చెప్తుంటే నవ్వొస్తుందనుకున్నాను. ఏడుపొచ్చింది. అల్మాస్ నవ్వలేదు. ముఖం ఎర్రబడింది.

"పాగల్ అయినవా ధరణీ? రహీల్ రాత్రంతా నిద్రపోలే, చేతులు లేస్తలేవు వానికి. అందుకే నెట్‌కు కొట్టిండు. అవతలోళ్ళు మస్తు ఆడుతున్నరు. ఇగ ఓడతమేమో గూడ. దాంట్ల నువ్వేడున్నవ్? నీ కండ్లల్ల గంత బలముంటే మా కంపెనీ మూతపడకుండ ఆపకపోతివా!"

ఆ మాటకి ఇద్దరం ఒక్కసారే నవ్వేశాం. నవ్వుతుంటే నా లోపల ఎక్కడో బిగుసుకుపోయి ఉన్నదేదో వదులైంది. నిజమే కదా. బంతి ఎటు పోవాలో చెయ్యి చెప్తుంది, గాలి చెప్తుంది, రాత్రి నిద్ర చెప్తుంది. అందులో నేను లేను. ముంబైలోనో కలకత్తాలోనో ఎవరో బ్యాటు ఊపితే, దాని భారం పేట్ బషీరాబాద్ వంటింట్లో నేను రెండేళ్ళు మోశాను. గెలిస్తే వాళ్ళ గొప్ప, ఓడితే నా పాదం. ఎవరూ నన్ను బలవంతంగా నిలబెట్టలేదు, నవ్వుతూ నిలబెట్టారు. అందుకే అది మోత అని కూడా తెలియలేదు. దేనికీ కారణం కాకపోవడం ఇంత తేలిగ్గా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

తిరిగి వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను. కళ్ళు తిప్పకుండా చూశాను. రెండో సెట్‌లో మావాళ్ళు పుంజుకున్నారు. ఒక పొడుగాటి కుర్రాడు బంతిని సరిగ్గా లేపాడు. రహీల్ పరిగెత్తి పైకి లేస్తుంటే నా నోట్లోంచి "కొట్టూ!" అని అరుపు వచ్చింది. ముందు వరసలోని మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. బంతి నేలని తాకి దుమ్ము లేచింది. చాచా లేచి గంతేశాడు. నాన్న నా భుజం చరిచాడు, చిన్నప్పటిలా. ఆ సెట్ మాదే. మూడోది చివరిదాకా వెళ్ళింది. కుర్రాళ్ళ చెమట దీపాల వెలుగులో మెరుస్తోంది. నేను పాయింటు పోయినప్పుడూ అరిచాను, వచ్చినప్పుడూ అరిచాను.

ఓడిపోయాం. ఆఖరి బంతి బ్లాక్‌కి తగిలి మా వైపే పడింది. రహీల్ కాసేపు నేల మీద కూర్చుండిపోయాడు. ముసలివాళ్ళు "మంచిగాడిన్రు బిడ్డా" అంటూ వెళ్ళి అతన్ని లేపారు. నేను అలవాటు కొద్దీ అందరి ముఖాలూ చూశాను. ఎవరూ నా వైపు చూడలేదు. చాచా మాత్రం "వచ్చే ఐతారం గౌడవెల్లిల ఇంకో టోర్నమెంట్. రావాలె" అన్నాడు. నాన్న బస్సు దాకా వచ్చి, "నీ గొంతు అలాగే ఉందమ్మా" అన్నాడు. వద్దని తానే అన్న సంగతి ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, మాట అక్కడితో ఆపేశాడు.

ఇంటికొచ్చేసరికి కాలనీలో టపాకాయలు పేలుతున్నాయి. తలుపు తీసింది మామయ్యగారే. "ధరణీ, భారీ తేడాతో గెలిచాం! నువ్వు ఎంత దూరం వెళ్తే అంత బాగా ఆడారమ్మా!" అన్నారు. అత్తయ్యగారు కూడా సంతోషంగా ఉన్నారు. "ఇకనుంచి మ్యాచ్ ఉన్నప్పుడల్లా పంపించేద్దాం" అన్నారు. సుజిత్ కుక్కర్ పెట్టాడు, వంటింట్లోంచి వాసన వస్తోంది.

ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఊ అంటే చాలు. వాళ్ళ నమ్మకం వాళ్ళకి ఉండనిచ్చి, మ్యాచ్ వచ్చినప్పుడల్లా చెప్పులేసుకుని వెళ్ళిపోవచ్చు. ఎవరితోనూ పేచీ ఉండదు. కానీ అప్పుడు గౌడవెల్లిలో కూర్చున్నా నేను వాళ్ళ వంటింట్లో నిలబడినట్టే.

"మామయ్యగారూ" అన్నాను. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "ఇండియా గెలవాలని నేను వెళ్ళలేదండీ. నాకిష్టమై వెళ్ళాను. ఆ దూరం మాట ఊరికే అన్నాను. వచ్చే ఆదివారం ఇండియా మ్యాచ్ లేదు, అయినా గౌడవెల్లి వెళ్తాను. ఇంట్లో మ్యాచ్ చూడాలనిపించిన రోజు ఇక్కడే మీతోపాటు కూర్చుంటాను. లోపలికి వెళ్ళను."

అత్తయ్యగారు సుజిత్ వైపు చూశారు. సుజిత్ నేల వైపు చూశాడు. మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి నిజంగానే భయం వేసినట్టుంది.

"మరి ఓడిపోతే?" అన్నారు.

"ఓడిపోతే ఓడిపోతామండీ. ఇవాళ మేం ఓడిపోయే వచ్చాం."

ముగ్గురూ నా ముఖంలోకి చూశారు. ఓడిపోయి వచ్చినదాని ముఖంలా లేదని వాళ్ళకి కనిపించే ఉంటుంది. నేను చెప్పులు విప్పి, సోఫాలో మధ్య సీటులో కూర్చున్నాను.