ఎండలో కొలిచిన రింగు

"గీ మూత గుండ్రంగ లేదు, పారెయ్" అన్నాడు మా ఆయన నర్సింహ.

"అటుకుల డబ్బాకు గింత లొల్లేంది? గిదేమన్న మీ ఫ్యాక్టరీ రింగా?" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. సముద్రంలో గాలిమరను నిలబెట్టే ఉక్కు స్తంభానికి బిగించే రింగు అది. మండుటెండలో కొలిచి, సరిపోయిందని, కొలతలు చూసే ఈయనను సంతకం పెట్టమంటున్నాడు పెద్దసారు. వేడికి సాగిన ఉక్కు చల్లారితే చిన్నదై కొలత తప్పుతుంది. రెండు రోజులుగా ఈయన నా గాజుల అంచులు తడుముతూ, నీళ్లలోంచి ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడుతున్నాడు.

అన్నాల దగ్గర మా అమ్మాయి నందిని, "బాపూ, తింటలేవేంది?" అంది.

"ఆ స్తంభం మీదికెక్కి మనుషులు పనిచేస్తరు బిడ్డా. రేపు ఎండ రాకముందే రింగు మళ్ల కొలుస్త. తేడా ఉంటే, కొలువు పోయినా సరే, సంతకం పెట్ట" అన్నాడు.