వేసిన చోట ఉండని బొంత

నేను ఒక బొంతను. పార్వతీపురం దగ్గర గున్నమ్మ అనే ఆవిడ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి నన్ను తయారు చేసింది. చిరిగిన చోటల్లా తర్వాత్తర్వాత అతుకు వేసింది. అలా నా ఒంటి మీద ఇరవై రెండు అతుకులున్నాయి, ఒకదాని రంగు ఒకదానికి కలవదు. నాకేమీ సిగ్గు లేదు. అతుకు లేని బొంతను మీరెక్కడైనా చూశారా?

తల్లి లేని మేనల్లుడు తవిటినాయుణ్ణి గున్నమ్మే పెంచింది. నన్ను కుట్టింది వాడి కోసమే. పసివాడుగా ఉన్నప్పుడు వాడు నన్ను తడిపినన్ని సార్లు వాన కూడా తడపలేదు. వాడు పెద్దయ్యాక ధాన్యం బస్తాల మీద కప్పారు, ఒక చలికాలం ఈనిన మేకకు పక్క వేశారు. వాడికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు గున్నమ్మ నన్ను ఉతికి, మడిచి, వాడి సంచిలో కుక్కింది. పట్నంలో బొంతేమిటని వాడు గొణిగాడు. ఆ మాట నేను మరిచిపోలేదు గానీ మనసులో పెట్టుకోలేదు.

మూడో అంతస్తులో ఒక గది. రెండేళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత పెదవి పక్కన తెల్ల మచ్చ వచ్చింది, కన్ను చుట్టూ ఒకటి, మెడ మీద ఇంకొకటి. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు లేచి నిలబడుతుంటే డాక్టరు మాట ఏం పనికొస్తుంది? వాడు ఇంట్లోంచే చేసే పని వెతుక్కున్నాడు. కిటికీకి తెర దించేశాడు. ఫోన్లో మొహం చూపించమని గున్నమ్మ అడిగితే కెమెరా పాడైందనేవాడు. అప్పుడే, కళ్ళకు తగిలించుకుంటే వేరే లోకాలు చూపించే వీఆర్ హెడ్‌సెట్ ఒకటి కొన్నాడు. కళ్ళకు గంతలు కట్టుకోవడానికి డబ్బు పెట్టే జాతి మనుషులదొక్కటే.

గోడ దగ్గరికి వస్తే అందులో ఒక గీత కనిపించి హెచ్చరిస్తుందట. ఆ గీతను చూస్తే గది గుర్తొస్తోందని వాడు దాన్ని తీసేశాడు. దానికి బదులు నన్ను మడతపెట్టి గది మధ్యలో వేశాడు. కాళ్ళకు బొంత తగులుతున్నంత సేపూ తాను నడిమధ్యలో ఉన్నట్టే. కళ్ళు ఎక్కడికి పోయినా కాళ్ళు మాత్రం నా మీదే ఉండేవి.

ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. వాడి అరికాళ్ళలోంచి ఆ లోకాలన్నీ నాకూ తెలిసేవి. సముద్రంలోకి దిగినప్పుడు వేళ్ళు ముడుచుకునేవి. మంచు మీద మునివేళ్ళతో నడిచేవాడు. ఎగిరేటప్పుడు రెండు చేతులూ చాపి కదలకుండా నిలబడేవాడు, బరువు సగానికి సగం తగ్గినట్టుండేది. వాడితో పాటు నేనూ మబ్బుల్లో తేలాను. అక్కడ వాడిది మచ్చ లేని మొహం. నవ్వేవాడు. గంతలు విప్పగానే ఆ నవ్వు ఆగిపోయేది. వీడు ఏదో ఒక రోజు అక్కడే ఉండిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

మధ్యాహ్నం మాత్రం తలుపు చప్పుడయ్యేది. వీధి మొదట్లో కూరలు వండి అమ్మే సన్యాసమ్మ కారియర్ తెచ్చి గుమ్మం ముందు పెట్టేది. పెట్టేసి వెళ్ళిపొమ్మని వాడు మొదట్లోనే మెసేజ్ పంపాడు. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయాకే తలుపు వారగా తీసి లాక్కునేవాడు. అన్నం గుజ్జులా ఉండేది, కూరలో కారమే ఉండేది కాదు. కాస్త కారం వెయ్యమని మెసేజ్‌లో అడిగినా ఆవిడతో మాట కలిపినట్టే కదా. సణుక్కుంటూ పదకొండు నెలలు ఆ చప్పిడి కూడే తిన్నాడు.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు. గొంగళి సంగతేమో గానీ, నేను మాత్రం అక్కడ లేను. నున్నటి టైల్స్ మీద వాడు గిరగిరా తిరుగుతుంటే రోజుకు వేలెడు చొప్పున జరిగాను. వాడు మంచం మీదే గంతలు కట్టుకుని, కాళ్ళతో తడుముకుంటూ వచ్చి నన్ను వెతుక్కునేవాడు. దొరికిన చోటే వాడికి నడిమధ్య. చివరికి తలుపు దగ్గరికి చేరాను. కారియర్ లాక్కునేటప్పుడు నా మీదే కాలు వేసేవాడు, గమనిస్తేగా! కావాలనే జరిగావా అని అడక్కండి. ఆగడానికి మాత్రం నేను ప్రయత్నించలేదు.

ఆ రోజు వాడు ఏదో కొండ ఎక్కుతున్నాడు. చెవుల్లో కొండగాలి మోగుతుంటే సన్యాసమ్మ వచ్చి తట్టినా వాడికి వినపడలేదు. కొండ కొమ్మున ఒక గుడిసె కనిపించిందట. వాడు చెయ్యెత్తి దాని తలుపు గట్టిగా తట్టాడు. మోగింది మా తలుపు.

కారియర్ దించి, ఆయాసం తీర్చుకుంటూ పై మెట్టు మీద కూర్చున్న సన్యాసమ్మ లేచి వచ్చింది.

“ఏటి బాబూ, పిలిసినావా?”

వాడు గంతలు లాగేశాడు. నా మీద వాడి అరికాళ్ళు చల్లబడిపోయాయి. ఊరుకుంటే ఆవిడ వెళ్ళిపోతుంది, ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. తియ్యరా నాయనా అని నా ఇరవై రెండు అతుకులూ మొత్తుకున్నాయి. ఒంట్లో బాగాలేదా అని ఆవిడ మళ్ళీ అడిగింది. నిజంగానే కంగారు పడుతోంది. వాడు గడియ తీశాడు.

సన్యాసమ్మ వాడి పెదవి చూసింది, కన్ను చూసింది. వాడు తల దించుకోబోయాడు.

“ఓలమ్మా, కుర్రోడివా నువ్వు!” అంది. “తలుపు తియ్యకపోతే ఎవరో పెద్దాయన, లేవలేకపోతన్నాడు అనుకున్నాను. పళ్ళు ఉంటాయో ఉండవో అని అన్నం మెత్తగా వొండతన్నాను. కారం ఎయ్యకండా నీ కూర ఏరేగా తీస్తన్నాను.”

తలుపుకు ఇటు వీడేమో లేని లోకాలు చూస్తుంటే, అటు ఆవిడేమో లేని ముసలాయనకు వండిపెట్టింది.

నాయుడు మెల్లగా, “కారం వెయ్యండి,” అన్నాడు.

హెడ్‌సెట్ ఇప్పటికీ ఉంది, అప్పుడప్పుడు ఎగిరి వస్తుంటాం. నన్ను మాత్రం వాడు మళ్ళీ గది మధ్యకు లాగలేదు. తలుపు తీసిన మర్నాడు సన్యాసమ్మ చేపల పులుసు తెచ్చింది. తలుపు బార్లా తీసి, గుమ్మం లోపల నా మీద కూర్చుని, ముక్కూ కళ్ళూ కారుతుంటే తుడుచుకుంటూ తిన్నాడు. ఆవిడ పై మెట్టు మీద కూర్చుంటే ఆ కొండ గురించి, గుడిసె గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ పులుసు నా మీద ఒలికించాడు.

ఎర్రటి మరక పడింది. ఇలా ఇచ్చెయ్, సబ్బు పెట్టి తెస్తానని సన్యాసమ్మ నా అంచు పట్టుకుంది.

“ఉండనీ పిన్నీ,” అన్నాడు నాయుడు. “మరకుంటే బొంత పనికిరాకండా పోద్దేటి?”