లగ్నపత్రికకు కాగితం

"ఏమ్మే, ఈ చెత్తంతా నీ తొట్లో ఏసుకో. లగ్నపత్రిక రాసేదానికి సొగసైన కాగితం ఒకటి చెయ్యి" అని అత్త నాగలక్ష్మమ్మ పాత ట్రంకుపెట్టెను చౌడేశ్వరి ముందు బోర్లించి పోయింది. లగ్నం ఎవరిదనుకున్నారు? చౌడేశ్వరి మొగుడిదే!

పెళ్లయి పదేళ్లు, కడుపు పండలేదు. అందుకని ఆలూరు నుంచి శ్రావణి అనే పిల్లను చూశారు. మూడోనాడు పిల్లా, పిల్ల తల్లీ ఇల్లు చూసుకోవడానికి వస్తారట. "నువ్వూ ఈడే ఉండచ్చు, నిన్నెవురు పొమ్మన్నారు?" అన్నాడు మొగుడు ఓబుళేశు అన్నం కలుపుకుంటూ. ఆ మాట విని కూడా ఆమె మజ్జిగ పోసింది. ఆమె పోయకపోతే ఇంకెవరు పోస్తారు?

మైదుకూరు బస్టాండు దగ్గర ఓబుళేశుకు జిరాక్సు, లామినేషన్ షాపు. అక్కడి చెత్త కాగితాలతోనే ఆమెకు చేత్తో కొత్త కాగితం చేసే పిచ్చి పట్టుకుంది. చించడం, రెండు రోజులు నానబెట్టడం, పాత మిక్సీలో గుజ్జు చేయడం, దోమల జాలి కొట్టిన చట్రంతో ఆ గుజ్జును నీళ్లలోంచి పైకెత్తడం, పాత చీర మీద బోర్లించి మిద్దె మీద ఆరబెట్టడం. అంట్లకూ వంటకూ నడుమ ఆ గంట మాత్రం ఆమెది. గొడ్రాలు, గొడ్రాలు అని విని విని చెవులు మొద్దుబారినా, ఆ గంటలో ఏ మాటా గుర్తుకొచ్చేది కాదు.

ఈసారి చించే ఓపిక లేక ట్రంకులోని పాత కాగితాల కట్టలన్నీ అట్లాగే తొట్లో పడేసింది.

మూడోనాడు పొద్దున చెయ్యి పెట్టి కలిపితే అంతా సంగటి మాదిరి అయింది గానీ, ఒకటి మాత్రం అట్టలా చేతికి తగిలింది. లామినేషన్ చేసిన కాగితం. ఓబుళేశుకు అదో జబ్బు. కరెంటు బిల్లు మొదలు దేవుడి పటం దాకా, ఏ కాగితం చేతికొచ్చినా ప్లాస్టిక్ అంటించేదాకా నిద్రపోడు. పారేద్దామనుకుంటూనే కొంగుతో తుడిచి చూసింది. కర్నూలులోని ఏదో ల్యాబు కాగితం. మీద మొగుడి పేరు. ఇంటర్ చదివిన మనిషి, ఆ ఇంగ్లీషును కూడబలుక్కుని చదివింది. వీర్యకణాలు, నిల్. పిల్లలు పుట్టే అవకాశం లేదని కింద డాక్టరు రాత. తేదీ ఏడేళ్ల కిందటిది.

తొట్టి పక్కనే కూర్చుని ఏడ్చింది. ఏడేళ్లా! ఆ తర్వాత వచ్చిన శ్రావణంలోనే కదా మహానంది కోనేట్లో మునిగి తడిచీరతో నూటెనిమిది ప్రదక్షిణలు చేసింది! "భక్తి చాల్లేదేమో, ఇంగో పది తిరుగు" అని మొగుడు పక్కనే నిలబడి చెప్పాడే! తుంట్లో గుచ్చిన సూదులు, కళ్లు తిరిగే మాత్రలు, సీమంతాలకు పోతే వెనక వరసలో కూర్చోబెట్టడం, అన్నీ తెలిసే చూస్తూ ఉన్నాడా? నీ నోట్లో మన్నుబడా, తెలిసేనా? అక్షరం ముక్క రాని అత్త, పాపం, ఏమిటో తెలియకనే తెచ్చి పోసింది. రేపు ఆ ఆలూరు పిల్లను కూడా ఇట్లాగే మహానందికి తీసుకుపోతాడు, ఇట్లాగే తిప్పుతాడు. ఆ తలపు రాగానే చౌడేశ్వరికి ఏడుపు ఆగిపోయింది.

వాకిట్లో ఆటో ఆగింది. "వచ్చినారు, నీళ్లు తేమ్మే!" అని అత్త కేక వేసింది.

చౌడేశ్వరి ముఖం కడుక్కుంది. పళ్లెంలో ఆ కాగితం పరిచి, దాని మీద మూడు గ్లాసులు పెట్టింది. తల్లి ఒకటి తీసుకుంది. పిల్ల ఒకటి తీసుకుంది, ఇరవై ఏళ్లు కూడా ఉన్నట్టు లేవు. మూడో గ్లాసుకని చెయ్యి చాచిన ఓబుళేశు, పళ్లెంలోకి చూసి అట్లాగే బిగుసుకుపోయాడు. చౌడేశ్వరి ఆ గ్లాసు తనే తీసి కింద పెట్టి, పళ్లెం పిల్ల ఒళ్లో పెట్టింది.

"డిగ్రీ చదువుతాండావంట గదా పాపా, ఈ కాగితం చదువుకో. నాకు ఏడేండ్లు ఎవురూ చూపీలేదు."