వేడి చూసే మనిషి

తస్లీమా గ్యాస్ పొయ్యి మీట కట్టేసి, గుమ్మం దాటి, వీధి మలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి చూసింది. కట్టేసే ఉంది. మంచం మీద నుంచి తల్లి లాలాబీ అంది: "రోజూ దాన్ని పలకరించి పోకపోతే అలుగుతాదా ఏంది?"

ముప్పై ఎనిమిదేళ్లుగా భయమే తస్లీమాకు తోడు. బడిలో పేరు పిలుస్తారని భయం. పెళ్లిచూపుల్లో టీ ఒలుకుతుందని భయం, ఒలికింది కూడా. ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కరెంటు బోర్డు దగ్గర పని దొరికాక ఆ భయానికి కొత్త చోటు దొరికింది. పత్తితో వచ్చిన చిన్న రాయి యంత్రంలో రాసుకుని రవ్వ రేగితే, అది దూదిలో దూరి, పొగైనా లేకుండా రోజుల తరబడి నిద్రపోతుంది. లేచిన రోజు మిల్లు మిగలదు.

పోయినేడు ఫోనులో ఉపగ్రహాల తయారీ పాఠాలు మొదలుపెట్టింది. మొదటి పాఠంలోనే టీచరమ్మ చెప్పింది: పైకి పోయినదాన్ని ఇక ఏ చెయ్యీ ముట్టలేదు, ఏమేం చెడిపోతాయో ముందే ఊహించడమే మీ పని. తస్లీమా ఫోనులో ఆ మాటను వెనక్కి జరిపి మళ్లీ విన్నది. ఇంట్లోవాళ్లు జబ్బన్నదానికి ఎక్కడో ఒక కొలువుంది.

ఈ మధ్యాహ్నమే చివరి పరీక్ష: తను గీసిన ఉపగ్రహం బొమ్మ మీద ఫోనులోనే ప్రశ్నలడుగుతారు. నెగ్గితే బెంగుళూరులో ఒక చిన్న కంపెనీవాళ్లు పిలిచి పని నేర్పుతారు.

మిల్లు ఆవరణలో కుప్పల వేడి చూసే ముసలాయన ఉచ్చీరప్ప అప్పటికే పనిలో ఉన్నాడు. కోసిగి వైపు మనిషి. నిలువెత్తు ఇనుప చువ్వను పత్తి కుప్పలోకి దించి, కాసేపాగి, లాగి, కొనను ఎడమ చెంపకు ఆనించుకుంటాడు. అక్కడి చర్మం రాచుకుపోయి నున్నగా మెరుస్తుంది. వేడి తగిలితే కుప్ప తిరగేయిస్తాడు.

"చేత్తో చూడొచ్చు కదా తాతా?"

"సెయ్యి మొద్దుబారినాది పాపా. సెంప అబద్ధం సెప్పదు." చువ్వ తుడుస్తూ అడిగాడు: "నీ బండి పైకి ఎప్పుడు పోతాది?"

"అది ఇంకా బొమ్మలోనే ఉండాది."

"ఆడ కాలితే నీళ్లు ఎవురు పోస్తారు?"

"ఎవరూ పోయలేరు తాతా. పోకముందే అంతా భయపడి పెట్టుకోవాల."

ఉచ్చీరప్ప నవ్వాడు. "అట్లయితే నీయంత పనిమంతురాలు యాడా దొరకదు పో."

భోజనాల వేళ యంత్రాలు ఆగాయి. తస్లీమా బోర్డు గదిలో తలుపేసుకుని ఫోను ముందు కూర్చుంది. బ్యాటరీ చెడితే? ఇంకొకటి ఉంది. వేడి కొలిచేది చెడితే? ఇంకొకటి ఉంది; ఆ రెండూ తేడాగా చెబితే తేల్చడానికి మూడోది. చివరికి పరీక్షించేవాళ్లలో ఒకాయన అడిగాడు: "జత లేకుండా ఒంటిగా ఉన్నది ఏదైనా మిగిలిందా?"

బొమ్మంతా మరోసారి కళ్లతో తడిమింది. "లేదు సార్."

"బెంగుళూరు రండమ్మా," అన్నాడాయన.

ఆ మాట మొదట తాతకు చెప్పాలని బయటికొచ్చింది. ఉచ్చీరప్ప కుప్ప నీడన గోడకు చేరగిలబడి ఉన్నాడు. తలపాగా ఒడిలో ఉంది. ఎడమ చెంప మీద ఈగ వాలింది, అతను తోలలేదు. పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

ఆటో వచ్చి శవాన్ని తీసుకుపోయాక కూలీల మేస్త్రీ ఎర్రిస్వామి మెల్లగా అన్నాడు: "ఇంగ కుప్ప ఎవురు సూస్తారు?"

తస్లీమా తీగలకు, పొయ్యికి, రాళ్లకు భయపడింది. ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క చెంప అని మాత్రం ఆమెకు ఏనాడూ తోచలేదు.

ఉచ్చీరప్ప దించిన చువ్వ కుప్పలోనే ఉంది. రెండు చేతులా లాగి, కళ్లు మూసుకుని, కొనను చెంపకు ఆనించుకుంది. వెచ్చగా ఉంది. పత్తి ఎప్పుడూ ఇంత వెచ్చగానే ఉంటుందా?

"కాలతాందా?" అడిగాడు ఎర్రిస్వామి.

"తెలీదన్నా. అందుకే, తిరగేయించు."

కూలీలు కుప్ప మీదికి ఎక్కారు. తస్లీమా గోడకు ఆనించిన చువ్వకు పట్టుకునే చోట పాత తలపాగా పేలిక చుట్టి ఉంది, ఉచ్చీరప్ప వేళ్లు నొక్కిన గుంటలతో.