కమలవ్వ అరికాలు

"ఏదో మాడుతుందే! ముక్కు లేదా నీకు?" అని కల్లంలోంచి కేకేశాడు ఆమె మొగుడు భూమయ్య.

కమలవ్వ అన్నం కుండ మూత తీసి చూసింది. అన్నం బాగానే ఉంది. పసుపు ఉడుకుతున్న కడాయి దగ్గరికి పోయి, పైన కప్పిన గోనెపట్టా ఎత్తి పసుపు కొమ్ములో పుల్ల గుచ్చి చూసింది. అదీ మాడలేదు. వాసన మాత్రం ఆమె వెంటే తిరుగుతోంది. అప్పుడు కిందికి చూసుకుంది. ఎర్రటి నిప్పుకణిక ఒకటి ఆమె కుడి మడమ కింద నలిగి పొగలు కక్కుతోంది. మాడుతున్నది ఆమె కాలే. నొప్పి మాత్రం లేదు.

ఆ నొప్పి లేకపోవడమే కమలవ్వ ప్రాణాలు తోడేసింది. "ఏం లేదు, ఆకు అంటుకున్నది" అని కేకేసి, గోడ చాటుకు పోయి కూలబడింది. చేతిలో ఉన్న పుల్లనే అరికాలికి గుచ్చింది. పుల్ల దిగింది, రక్తం చుక్క వచ్చింది. ఎవరి కాలో అన్నట్టు ఉంది ఆమెకు.

స్పర్శ లేని కాలంటే ఏమిటో వాళ్ల ఊరు పెర్కిట్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కిందటేడు డిచ్‌పల్లి నుంచి కుష్ఠు దవాఖాన మనుషులు వచ్చి, ఇంటింటా కోడి ఈకతో ఒళ్లు తడిమి చూసి, "మొద్దుబారితే చెప్పున్రి, దాచకున్రి" అని చెప్పి పోయారు. వాళ్లు మంచికే చెప్పారు. కానీ ఆ దెబ్బకు చెప్పాల్సిన వాళ్లంతా దాచుకున్నారు. దాచుకోలేకపోయిన ఆశమ్మ ఇప్పుడు పశువుల కొట్టంలో ఉంటోంది. కోడలు ఆకులో అన్నం పెట్టి కట్టెతో ముందుకు నెడుతుంది. కమలవ్వకు ఇద్దరు కూతుళ్లు, ఇద్దరూ అత్తగారిళ్లలో ఉన్నారు. తల్లికి పెద్దరోగమని తెలిస్తే వాళ్లను ఉండనిస్తారా? ఆ ఆలోచనకే గొంతు తడారిపోయింది. ఈ మధ్య గొంతు ఎప్పుడూ ఎండే ఉంటోంది. నీళ్లు తాగితే, "కుండ మొత్తం నువ్వే తాగితివి, మల్ల తోడుకరాపో" అంటాడు భూమయ్య. తోడుకొస్తుంది. ఒంటికి పోవడానికి రాత్రి పదేపదే లేస్తే, "నిద్ర చెడగొడుతున్నవ్" అని అటు తిరుగుతాడు. రవికె వదులై భుజం జారుతుంటే, "తిన్నది ఏడికి పోతుందే?" అని నవ్వుతాడు. తిన్నదేమిటట? అందరూ తిన్నాక అడుగున మిగిలిన మాడూ, ఆకలి చంపుకోను ఒక బెల్లం ముక్కా. చూపు మసకైందంటే, "ముసలిదానివైనవ్" అన్నాడు. ఆ మహానుభావుడి దగ్గర అన్నిటికీ జవాబులే, ఒక్క ప్రశ్న లేదు.

కాలిన చోట పసుపు నూరి దట్టంగా పట్టించింది. పసుపు ఉడికే రోజుల్లో ఆర్మూరు చుట్టుపక్కల పచ్చటి కాలును ఎవరు వింతగా చూస్తారు? పైగా ముత్తైదువ. "నీ కాళ్లు లక్ష్మి కాళ్ల లెక్క ఉన్నయ్" అని ఎదురింటి మంగవ్వ మెచ్చుకుంది కూడా. లోపల చీము పట్టింది. పైన పసుపు మీద పసుపు. భూమయ్య ముక్కు ఎగబీల్చినప్పుడల్లా ఆమె కాలు చీర అంచు కిందికి లాక్కునేది.

చివరికి ఆమెను పట్టిచ్చింది చీమలు. పక్కింటి గౌసియా దొడ్డిగోడ మీంచి చేద అడగబోయి, నీళ్లు పోయే జలదారి మూలకు చూసి ఆగిపోయింది. కమలవ్వ ఒంటికి పోయే చోట నల్లచీమలు బారులు కట్టాయి.

"అక్కా, గక్కడ బెల్లం గిట్ల పారబోసినవా?"

"లేదే."

"అయితే చక్కెర బీమారి. మా అమ్మీకి గిట్లనే చీమలు పట్టేటివి. కాళ్లు మొద్దుబారినయా?"

ఆ ఒక్క మాటతో కమలవ్వ నేల మీద కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. "గౌసియా, నీ కాళ్లు మొక్కుత, ఎవ్వరికీ చెప్పకు. నాకు పెద్దరోగం వచ్చింది."

గౌసియా గోడ చుట్టూ తిరిగి లోపలికి వచ్చి, కాలు చూసింది. ముక్కు మూసుకోలేదు. "రోగానికి పేరు నువ్వే పెట్టుకుంటవా? నడువ్ దవాఖానకు" అంది.

ఆర్మూరు దవాఖానలో లిదియా డాక్టరమ్మ గాజుగొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చగా మారి, చివరికి ఇటుక రంగుకు తిరిగింది. "షుగర్. పెద్దరోగం కాదు" అంది. కమలవ్వ సంతోషంతో ఏడ్చేసింది.

"అప్పుడే సంబరపడకు. ఇట్లనే కప్పిపెడితే కాలు తీసేయాల్సొస్తది" అంటూ డాక్టరమ్మ పసుపంతా కడిగి కట్టు కట్టింది. "రోజూ వచ్చి కట్టు మార్పించుకో. పుండు మీద పసుపు, పసరు, ఏదీ పెట్టకు. గోలీలు మానకు. బెల్లం ముట్టకు. అన్నం తగ్గించి, టైముకు తిను, అందరూ తిన్నంక కాదు. ఇంట్ల కూడా చెప్పులు తొడుక్కో. రోజూ రెండు అరికాళ్లు చూడాలె. నీ కాలు నీకు చెప్పదు కదా, కండ్లతోనే తెలుసుకోవాలె. నీకు చూపు ఆనదు, నడుం వంగదు. ఇంట్ల ఎవరున్నరు?"

"మా ఆయన."

"అయితే ఆయనను చూడుమను."

కాలు తీసే కత్తి కంటే ఈ మాటకే ఎక్కువ భయమేసింది కమలవ్వకు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కాళ్లు ఎన్నిసార్లు పిసికిందో లెక్క లేదు. ఆయన మాత్రం పెళ్లిలో మెట్టెలు తొడగడానికి ఒక్కసారి ఆమె కాలు పట్టుకున్నాడు. అదీ అయ్యగారు చెబితే.

మంచం మీద కూర్చుని భూమయ్య అంతా విన్నాడు. "మొగోడు ఆడిదాని కాలు పట్టి చూసుడేంది? వాడకట్టు నవ్వదా? లే, కడాయి కింద మంట ఆరుతుంది" అన్నాడు.

కమలవ్వ లేవలేదు. లేస్తే మళ్లీ నిప్పుల మీదే నడవాలి. మంచం రెండో కొసన కూర్చుంది. కట్టు లేని ఎడమకాలు చాపి ఆయన ఒడిలో పెట్టింది.

"భయమైతుంది నాకు. దీని కింద ఏమున్నదో నాకు తెలుస్తలేదు. నువ్వు చూడు."

భూమయ్య కాలు వంక చూడలేదు. ఎవరైనా వస్తున్నారేమోనని వాకిలి వంక చూశాడు. "తియ్యే" అన్నాడు గొంతు తగ్గించి.

"చూసి చెప్పినంకనే తీస్త" అంది కమలవ్వ.